పిల్లికి తామర: ఆయింట్‌మెంట్ చాలదా, లోపలికి మందు తప్పదా?

ప్రశ్న (కావలి):
మా పిల్లికూనకు ఐదు నెలలు, బరువు రెండు కిలోలు. కార్తీకంలో తుఫాను ముసురు పట్టినప్పటి నుంచి దాని చెవుల అంచుల్లో, ముక్కు మీద వెంట్రుకలు గుండ్రంగా ఊడి, పొట్టు రాలుతున్నది. వారం తిరక్కుండానే మా అమ్మాయి ముంజేతి మీద కూడా రూపాయి బిళ్ళంత తామర లేచింది. మందుల షాపులో ఇచ్చిన ఆయింట్‌మెంట్ పది రోజులుగా రాస్తున్నాను గాని, రాసిన మరుక్షణమే కూన దాన్ని నాకేస్తున్నది. పశువైద్యులు ఇట్రాకొనజోల్ అనే ఫంగస్ మందు లోపలికి మొదలుపెడదామన్నారు. ఇంత చిన్న ప్రాణికి లోపలికి మందు ఇవ్వవచ్చునా?

జవాబు (ఒంగోలు, పశువైద్యురాలు):
ముందు ఆ ఆయింట్‌మెంట్ ఆపండి. తామరకని షాపుల్లో ఇచ్చే ట్యూబుల్లో చాలావాటిలో క్లోబెటసాల్ వంటి స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. అది ఎరుపునూ దురదనూ అణచి, జబ్బు తగ్గిందనిపిస్తూ లోపల ఫంగస్‌ను పెరగనిస్తుంది. పిల్లుల్లో తామరకు ఎక్కువగా కారణమయ్యే మైక్రోస్పోరమ్ కానిస్ అనే ఫంగస్ వెంట్రుకలోకే చొరబడుతుంది కనుక పైపూత ఒక్కటే దాన్ని అందుకోలేదు. ఇట్రాకొనజోల్‌ను కిలో బరువుకు రోజుకు 5 మిల్లీగ్రాముల చొప్పున ఒక వారం ఇచ్చి, ఒక వారం ఆపి, అలా మూడు విడతలు వాడతాము. మందు చర్మంలో, వెంట్రుకల్లో నిలిచి ఉంటుంది గనుక ఆపిన వారంలోనూ పనిచేస్తూనే ఉంటుంది. మీ కూనకు రోజుకు 10 మిల్లీగ్రాములు చాలు. అందుకని 100 మిల్లీగ్రాముల క్యాప్సూల్ విప్పి, లోపలి పూసలను కంటి అంచనాతో పది భాగాలు చేయకండి, తగిన మోతాదు ఎలా ఇవ్వాలో మీ డాక్టరు గారినే అడగండి. మేత మానినా, వాంతులైనా వెంటనే చూపించండి, ఎందుకంటే ఈ మందు కొన్నిసార్లు కాలేయాన్ని దెబ్బతీస్తుంది. అమ్మాయిని చర్మవైద్యులకు చూపించండి.

జవాబు (కందుకూరు):
మేడమ్ గారు చెప్పినదానికి నా అనుభవం చేరుస్తాను. మా పిల్లికి తామర వచ్చినప్పుడు, వెంట్రుకలు మొలిచాయి కదా అని నేను మధ్యలోనే మందు మానేశాను. నెల తిరిగేసరికి కథ మళ్ళీ మొదటికి వచ్చింది. రెండోసారి మందుతో పాటు మైకొనజోల్, క్లోర్‌హెక్సిడిన్ కలిసిన షాంపూతో వారానికి రెండుసార్లు స్నానం చేయించి (అప్పుడు అది గీరిన గాట్లు నా చేతుల మీద ఇంకా ఉన్నాయి), కల్చర్ పరీక్షలో (వెంట్రుకలను ల్యాబులో ఉంచి ఫంగస్ పెరుగుతుందేమో చూసే పరీక్ష) ఫంగస్ లేదని తేలేవరకు ఆపలేదు. రాలిన వెంట్రుకల్లోని ఫంగస్ బీజాలు ఏడాదికి పైగా బతికి ఉంటాయట. చాపలు, దుప్పట్లు తరచుగా ఉతకండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇంట్లో ఒక ముసలి పిల్లి కూడా ఉంది, దానికి ఒక్క మచ్చ కూడా లేదు. దాన్నీ చూపించాలా?

జవాబు (ఒంగోలు, పశువైద్యురాలు):
తప్పకుండా. మచ్చ లేకుండానే బీజాలను మోసే పిల్లులు ఉంటాయి. కొత్త టూత్‌బ్రష్‌తో ఒళ్ళంతా దువ్వి, ఆ బ్రష్‌నే కల్చర్‌కు పంపిస్తారు. ఫలితం వచ్చేవరకు రెండింటినీ వేరువేరు గదుల్లో ఉంచండి.