కర్నూలులో కయాక్, కనో (తెడ్డుతో నడిపే సన్న పడవలు) నేర్పేవాళ్లు ఉన్నారా? ఇప్పుడు నదిలోకి దిగొచ్చా?

కొత్తగా_కర్నూలు:
అందరికీ నమస్తే. జూన్‌లో మా ఆయనకు ట్రాన్స్‌ఫర్ అయ్యి కర్నూలుకొచ్చినాము, సి క్యాంపు దగ్గర ఇల్లు. సొంతూరు తాడిపత్రి పక్కనే గానీ ఆరేండ్లు భోపాల్‌లో ఉండి వచ్చినాము. మావాడు తొమ్మిదో క్లాసు, అక్కడ పెద్ద చెరువులో రెండు ఎండాకాలాలు కయాక్ క్యాంపుకు పోయినాడు, నేరుగా పోనిచ్చేది, మలిపేది వచ్చు, ఈత బాగానే వచ్చు. మొన్న బ్రిడ్జి మీద పోతాంటే తుంగభద్ర నిండుగా కనపడింది, ఇంక ఇంటికొచ్చేదాకా ఒకటే నస, అమ్మా ఇక్కడ క్లబ్ లేదా, అమ్మా ఇన్ని నీళ్లుండాయి కదా అని. మా ఆయనేమో నది నిండితేనే కదా పడవ సీజను, కనుక్కో అంటాడు. పక్కింటామె మొసళ్లుంటాయి తల్లీ అని భయపెట్టింది. అసలు ఇక్కడ ఎవరన్నా చేస్తారా, ఏ నెలల్లో చేస్తారు, పిల్లోన్ని పంపించొచ్చా? తెలిసినోళ్లు చెప్పండి ప్లీజ్.

గట్టుమీదోడు:
అక్కా, బోర్డు పెట్టుకున్న క్లబ్ ఏం లేదు గానీ మేము ఒక పదిమంది ఉండాము. ఇద్దరు టీచర్లు, ఒక బ్యాంకాయన, మిగతా అంతా కాలేజీ పిల్లోళ్లు. రెండు కనోలు, నాలుగు కయాకులు. అందులో ఒకటి పోయినేడు రాయికి తగులుకోని అడుగు చీలింది, ఫైబర్ గుడ్డ పెట్టి రెసిన్ పోసి అతికించినాము, అప్పట్నుంచి దాని పేరు కుట్లోడు. కొత్తోళ్లకు ఇచ్చేది దాన్నే, ఇప్పుడే చెప్తాండా.

ఇంక అసలు విషయం. ఇప్పుడు ఆగస్టులో నదిలోకి వద్దు. మీ ఆయన చెప్పిన మాటే మేమూ మొదట్లో అనుకుంటిమి, నిండితే సీజను అని. మన నది కథ వేరే. మనకు ఇక్కడ చినుకు ఉండదు, ఎండ మండుతాంటాది, కానీ శివమొగ్గ, చిక్కమగళూరు కొండల్లో వాన పడితే ఆ నీళ్లు హోస్పేట డ్యాముకు వస్తాయి, డ్యాము నిండేదానికొచ్చిందంటే గేట్లెత్తుతారు, ఇంక కింద సుంకేసుల బ్యారేజీ వాళ్లూ ఎత్తాల్సిందే. రాత్రి పడుకునేటప్పుడు కనపడిన బండ పొద్దున్నే కనపడదు. మనం చూడాల్సింది మన ఆకాశాన్ని కాదు, పేపర్లో క్యూసెక్కుల లెక్క, అంటే డ్యాము నుంచి ఎన్ని నీళ్లు వదుల్తాండారనేది.

2024 ఆగస్టు 10 రాత్రి ఆ డ్యాము 19వ గేటు కొట్టుకపోయింది గుర్తుందా. అది శనివారం. మాకు అప్పట్లో ఇంత బుద్ధి లేదు, ఆదివారం పొద్దున్నే నదిలో దిగాలని అన్నీ సర్దిపెట్టుకోనుంటిమి, ఆటోకు అడ్వాన్స్ కూడా ఇచ్చినాము. తెల్లారకముందే ఒకటే ఫోన్లు. ఆ రోజు నుంచి మాకు ఒక రూలు, గేట్లు మూసినారని ఖాయంగా తెలిసినంక వారం ఆగి గానీ నది ముఖం చూడం. మామూలుగా అది అక్టోబరు ఆఖరు, ఒక్కోసారి నవంబరు.

అంతవరకు ఊరి బయట ఒక చెరువులో చేస్తాము, పంచాయతీ వాళ్లను అడిగే. ఈ నెలంతా బోల్తా ప్రాక్టీసే. పడవను కావాలనే తిరగేసేది, కిందనుంచి బయటికొచ్చేది, పడవ వదలకుండా పట్టుకోని ఒడ్డుకు ఈదేది, పక్కోడు సాయం పడితే మళ్లీ ఎక్కేది. మీవాడు ఈ ఆదివారం రావచ్చు. పొద్దున్నే 6 కు, ఎండ ఎక్కక ముందే అయిపోతాది. నెలకు 500 వేసుకుంటాము, రెసిన్‌కు, ఆటోకు, తిన్నేదానికి.

స్పీడ్_నంద్యాల:
అన్నా ఇంత భయమైతే ఎట్లన్నా 😀 నీళ్లు ఫోర్సుగా ఉన్నప్పుడే కదా మజా, రిషికేశ్‌లో చూడు ఆ అలల మీద ఎట్ల పోతారో. లైఫ్ జాకెట్ ఉంటే ఏం కాదు. నేనైతే సుంకేసుల కింద నురగ కాడ ఒకసారి దింపాలని ఉండాది.

హంద్రీ_ఒడ్డు:
స్పీడు తమ్ముడూ, ఆ నురగ కాడికి మాత్రం పోవాకు, దండం పెడతా. బ్యారేజీ నుంచి నీళ్లు పైనుంచి కిందికి పడినచోట అడుగున బయటికి పోతాయి, పైన మాత్రం తిరిగి గోడవైపుకే లాగుతాయి. నువ్వు తెడ్డు వేసేకొద్దీ వెనక్కి లాక్కపోయి మళ్లీ ఆ ధార కిందకే తోస్తాది. లైఫ్ జాకెట్ ఉన్నా తిప్పిందే తిప్పుతాది, పైగా నురగలో గాలెక్కువ, నీళ్లలో తేలినంతగా తేలవు. రిషికేశ్‌లో దిగేది డ్యాము గోడ కింద కాదు, పైగా ముందర గైడు పడవ ఉంటాది.

నాది పాతబస్తీ. కర్నూలు వరదలో మునిగిన 2009 అక్టోబరు 2 నాకు బాగా గుర్తు, గాంధీ జయంతి సెలవని ఇంట్లోనే ఉంటిమి. తుంగభద్ర ఒకపక్క, హంద్రీ ఒకపక్క, కింద శ్రీశైలం నీళ్లు ఎగదన్నింది ఒకపక్క. శ్రీశైలం 885 అడుగులకు కట్టినారు, ఆ రోజు 896 దాటింది. మా జేజిని మిద్దె మీదికి ఎత్తుకోని పోయింది నేనే. బీరువా నీళ్లలో తేలి తలుపుకు అడ్డం పడితే తలుపు తెరుచుకోలేదు, కిటికీ లోంచి బయటపడినాము. ఇప్పటికీ మా మిద్దె మెట్ల గోడకు ఆ బురద గీత ఉండాది, సున్నం ఎన్నిసార్లు కొట్టినా మా నాయన అంతవరకు ఆపి కొట్టిస్తాడు.

అక్కా, ఇంకొక మాట, హంద్రీలో మాత్రం ఏ కాలంలోనూ పిల్లోన్ని దింపాకు. ఊరి మురికంతా దాంట్లోకే. హంద్రీ, తుంగభద్ర కలిసేచోటికి కింద కూడా చెయ్యి గీరుకోనుంటే నీళ్లలో పెట్టనీయొద్దు.

పుట్టి_మామ:
మీ పడవల పేర్లు నాకు నోరు తిరగదు గానీ చదివినంక రాయాలనిపించింది. మాది నదినే నమ్ముకున్న ఇల్లు. మా తాత కాలంలో పుట్టికి, అదే గుండ్రని బుట్ట పడవకు, తోలు వేస్తాండిరి, ఇప్పుడు వెదురు బద్దలు అల్లి పట్ట వేసి తారు పూస్తాము. పిల్లోనికి ముందు పుట్టి నేర్పండి. కయాకు ముక్కు ఉంటాది కాబట్టి అదే నేరుగా పోతాది, పుట్టికి ముక్కూ లేదు తోకా లేదు, తెడ్డు ఒకపక్క వేసినావంటే గిర్రున తిరుగుతాది. ముందుకు వంగి, తెడ్డును ఎదురుగా పెట్టి నీళ్లను నీ దిక్కు లాక్కోవాల. అది వచ్చినోనికి ఏ పడవైనా వస్తాది.

మొసళ్లు అడిగింది ఆ తల్లి. ఉండాయి, లేవని చెప్పను. చలికాలం పొద్దెక్కినంక ఇసుక తిన్నె మీద ఎండకు పడుకోని ఉంటాయి, చూస్తే మాను మొద్దు మాదిరి ఉంటాది. దాని దారిలో దాన్ని పోనియ్యి, తిన్నె దగ్గరికి పోవాకు, మాపటాల చీకటి పడేటప్పుడు నీళ్లల్లో కాళ్లు ఆడిచ్చాకు. నా భయం దానికంటే వలలే. పాత వల తెగి బండకు చుట్టుకోని ఉంటాది, పైకి కనపడదు. నడుముకు చిన్న కత్తి కట్టుకోని దిగండి.

గట్టుమీదోడు:
మామా నువ్వు చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్టు. పోయిన డిసెంబరులో మావోడొకడు కనోలో మోకాళ్ల మీద కూర్చోని బాగా ఊపు మీద పోతాండాడు, తెడ్డు వలలో ఇరుక్కుంది, వదల్లేక దాంతోపాటే నీళ్లలో పడినాడు. కత్తి ఉంది కాబట్టి రెండు నిమిషాల్లో కోసుకోని వచ్చినాడు. అప్పుడు నవ్వినాము గానీ రాత్రి ఎవరికీ నిద్ర పట్టలేదు.

అడగలేదు గానీ కొత్తోళ్లకు చెప్తా, కనో అంటే తెడ్డుకు ఒకపక్కే రేకు, మోకాలి మీద కూర్చుంటారు. కయాక్ అంటే కాళ్లు చాపుకోని కూర్చుంటారు, తెడ్డుకు రెండు పక్కలా రేకు. కనో ఒకేపక్క వేస్తాము కదా, రెండోపక్కకు తిరిగిపోతాది, అందుకని వేసిన తెడ్డు చివర్లో బయటికి ఒక చిన్న మలుపు ఇయ్యాల. ఆ మలుపు రావడానికి నాకు రెండు నెలలు పట్టింది, అంతవరకు చెరువులో గానుగెద్దు మాదిరి తిరుగుతాంటి. 2023 లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో అర్జున్ సింగ్, సునీల్ సింగ్ ఇద్దరి కనో 1000 మీటర్లలో మనకు కాంస్యం తెచ్చినారు, 1994 హిరోషిమా తర్వాత మళ్లీ అప్పుడే. ఆ వీడియో మీవానికి చూపియ్యి అక్కా, వాళ్ల చెయ్యి చివర్లో ఎట్ల తిరుగుతాదో చూడమను.

కొత్తగా_కర్నూలు:
అబ్బా ఇంతమంది రాస్తారనుకోలేదు, థాంక్స్ అన్నా, థాంక్స్ మామా. భోపాల్‌లో ప్రాచీ యాదవ్ ప్రాక్టీసు చేసేది మావాడు ఒడ్డునుంచి చూసినాడంట, టోక్యో పారాలింపిక్స్‌కు పోయింది కదా ఆ అమ్మాయి, అప్పట్నుంచే వీనికి ఈ పిచ్చి. ఇంకో డౌటు. కేసీ కెనాల్, అదే కర్నూలు-కడప కాలువ, మా ఇంటికి దగ్గరే, నీళ్లు నెమ్మదిగా నేరుగా పోతాంటాయి, అలలు లేవు ఏం లేవు. నది వద్దంటే దాంట్లో వేసుకోకూడదా? ఒకప్పుడు పడవలు తిరిగినాయంట కదా?

గట్టుమీదోడు:
తిరిగినాయి అక్కా, ఇంగ్లీషు కంపెనీ వాళ్లు తవ్వినప్పుడు సేద్యానికీ పడవలకీ రెండింటికీ అనే తవ్వినారు. లాభం రాక 1882 లో గవర్నమెంటు కొనుక్కుంది. కానీ ఇప్పుడు దాంట్లో వద్దే వద్దు. చూసేదానికి నెమ్మదిగా ఉంటాది, దిగితే తెలుస్తాది ఎంత లాగుతాదో. లైనింగ్ ఉన్నచోట ఏటవాలు సిమెంటు, పైన పాచి. పడినోడు ఎక్కాలంటే పట్టుకునేదానికి గడ్డిపోచ ఉండదు, జారి జారి అట్లే పోతాడు, ముందర తూము గానీ గేటు గానీ వస్తాది. కాలువలో పడి చానామంది చచ్చిపోతారు మన దిక్కు, పేపర్లో చూస్తానే ఉంటాం. ఈత వచ్చినోళ్లే.

కడప_కారం:
మధ్యలో దూరుతాండా, మాది జమ్మలమడుగు దిక్కు. సెలవులుంటే పిల్లోన్ని గండికోటకు తీసుకరా అక్కా, పెన్నా లోయలో కయాక్ వేయిస్తారు, రెండు పక్కలా ఎర్ర బండలు నిలువునా, మధ్యలో నీళ్లు గమ్మున ఉంటాయి. మాట్లాడితే మన మాటే గోడకు తగిలి మనకు వినపడతాది. పొద్దున్నే 9 లోపల అయితేనే బాగుంటాది, తర్వాత బండ కాగి పొయ్యి మీద ఉన్నట్లుంటాది. టోపీ మర్చిపోయి ఒకసారి నేను రెండ్రోజులు తలనొప్పితో పడుకున్నా. జాకెట్ లేకుండా ఎక్కిస్తామన్నోని పడవ మాత్రం ఎక్కొద్దు, 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు కాడ బోటు మునిగినంక కూడా జాకెట్ సీటు కింద పెట్టుకోని కూర్చునేవాళ్లను చూసినా నేను.

గట్టుమీదోడు:
జాకెట్ సంగతి బాగా ఎత్తినావు. అక్కా, జాకెట్ వేసినంక భుజాల దగ్గర పట్టుకోని పైకి లాగి చూడు. చెవుల దాకా లేచిందంటే అది వానికి పెద్దది, నీళ్లలో అది పైకి పోతాది, పిల్లోడు కిందికి పోతాడు. పెద్దోళ్లది సర్దుకోని వేస్తే కాదు, వాని బరువుకు తగ్గది కావాల, లోపల కుట్టిన గుడ్డ మీద కిలోలు రాసుంటాయి.

ఇంక ఈ ఏడు ప్రోగ్రాం కూడా రాసేస్తా, చాలామంది ఇన్‌బాక్సులో అడుగుతాండారు. సెప్టెంబరు ఆఖరుదాకా చెరువే. దసరాకు పడవలన్నిటికీ పసుపు కుంకుమ పెట్టి ఆయుధపూజ చేస్తాము, తెడ్లు వరసగా గోడకు నిలబెట్టి నిమ్మకాయలు కోస్తాము, ఆ రోజు నీళ్లలోకి దిగేది లేదు, బొరుగులు పంచేది ఒకటే. నది దిగేది గేట్లను బట్టి. కార్తీక పౌర్ణమి సాయంత్రం మాత్రం నది మాది కాదు, ఆడోళ్లు దీపాలు వదులుతారు, వాళ్ల మధ్యలో పడవలేంటికి. పక్కరోజు పొద్దున్నే పోయి రేవు కాడ ప్లాస్టిక్ ప్లేట్లు, థర్మకోల్ దొప్పలు ఎత్తుతాము. పోయినేడు కనో నిండా మూడు ట్రిప్పులు అయినాయి. అరటి దొప్ప అయితే కొన్నాళ్లకు కుళ్లిపోతాది, ఈ థర్మకోల్ ఎవరు కనిపెట్టినారో గానీ.

నవంబరు నుంచి జనవరి మనకు అసలు సీజను, నీళ్లు తేటగా, గాలి చల్లగా. సంక్రాంతి తర్వాత నీళ్లు పడిపోతాంటాయి, బండలు తేలతాయి, కుట్లోడు పుట్టింది అప్పుడే. ఆ తర్వాత అందరి కన్నూ శ్రీశైలం నీళ్లలో మునిగుండే సంగమేశ్వరం గుడి మీద. శ్రీశైలం నీళ్లు తగ్గేకొద్దీ ముందు గుడి శిఖరం, తర్వాత గోడలు, ఆఖరుకు ఆ వేప మొద్దు శివలింగం బయటికొస్తాది. ఏ నెల అనేది ఏడాది ఏడాదికి మారుతాది. శిఖరం కనపడినంక మేము అనుమతి తీసుకోని, వెంట మరబోటు పెట్టుకోని పొద్దున్నే పోయి 10 లోపల ఒడ్డెక్కుతాము. మధ్యాహ్నం గాలి లేస్తే అంత వెడల్పు నీళ్ల మీద సముద్రం మాదిరి అలలొస్తాయి. ఏప్రిల్, మే లో రిపేర్లు, అంతే.

స్పీడ్_నంద్యాల:
సరే అన్నా, నురగ సంగతి వదిలేసినా. చెరువు కాడికి నేనూ రావచ్చునా? ఈత కొంచెం కొంచెం వచ్చు.

గట్టుమీదోడు:
కొంచెం కొంచెం అంటే ముందు ఈత నేర్చుకోనిరా తమ్ముడూ. 50 మీటర్లు బట్టలతో ఈది చూపిస్తే కుట్లోడు నీదే.

కొత్తగా_కర్నూలు:
అప్‌డేట్. ఆదివారం పోయొచ్చినాము. మావాడు మొదటిసారి తిరగేసినప్పుడు పడవ కిందనుంచి ఎంతసేపటికీ రాకపోయేసరికి నా గుండె ఆగినంత పనయింది, చూస్తే లోపల గాలి ఉన్నచోట తల పెట్టుకోని పాట పాడుకుంటాండాడంట. పుట్టి మామ కూడా వచ్చినాడు, వానిని పుట్టిలో కూర్చోబెట్టి తెడ్డు ఇచ్చి, ఆ తాటిచెట్టు దాకా పో అన్నాడు. వాడు పోలేదు, అరగంట ఉన్నచోటే తిరిగి తిరిగి కళ్లు తిరిగి దిగినాడు, భోపాల్ గొప్పలన్నీ అక్కడే పోయినాయి. నేను గట్టు మీద కూర్చుందామని పోతే ఇద్దరు టీచరమ్మలు జాకెట్ తెచ్చి తొడిగినారు, నా భుజాలు పట్టుకోని పైకి లాగి చూసి చిన్నది తెండి అన్నారు. వచ్చేవారం నేనూ దిగుతాండా. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ నేను తెస్తా, ఎంతమందికి తేవాలో శనివారం లోపల చెప్పండి.