ఆగస్టు 19 సభ: మెల్‌బోర్న్ పనులు, అమలాపురం పనులు

సమన్వయం:
సహాయ సిబ్బందిని తలచుకునే ప్రపంచ మానవతా దినం, ఆగస్టు 19, ఈసారి పనిరోజున వచ్చిందండి, అందుకని సభ అంతకుముందు ఆదివారం పెట్టుకున్నాం. మెల్‌బోర్న్‌లో మధ్యాహ్నం మూడున్నరకి మొదలుపెడితే అమలాపురంలో పదకొండవుతుంది. ఆస్ట్రేలియా పార్లమెంటుకిచ్చే పిటిషన్ ముసాయిదా మీద ముందు మాట్లాడండి, మిగతావి తర్వాత.

పిటిషన్ బాధ్యులు:
"సహాయ సిబ్బంది హత్యలకు న్యాయం కావాలి" అని రాస్తే "ప్రభుత్వం ఆందోళన చెందుతోంది" అని జవాబొస్తుంది. దాంతో చేతులు దులుపుకుంటారు. ఒక్క సంఘటన, ఒక్క కోరిక పెడదాం. 2024 ఏప్రిల్ 1న గాజాలో దెయిర్ అల్ బలాహ్ దగ్గర ఆహారం పంచే సహాయ సంస్థ వరల్డ్ సెంట్రల్ కిచెన్ వాహనాల మీద దాడిలో ఏడుగురు పోయారు. వారిలో జోమీ ఫ్రాంకమ్ ఆస్ట్రేలియా పౌరురాలు. వాళ్ల రాకపోకలు ఇజ్రాయెల్ సైన్యానికి ముందే చెప్పి ఉన్నాయి. ఆస్ట్రేలియా ప్రభుత్వం నియమించిన మార్క్ బిన్‌స్కిన్ నివేదిక అదే ఆగస్టులో వచ్చింది. ఆ సంస్థ అని తెలిసి చేసిన దాడి కాదని, నిబంధనలు పాటించకపోవడం, పొరపాటున గుర్తించడం, తప్పు నిర్ణయాలు కారణమని తేల్చింది. కాబట్టి "కావాలని చంపారు" అనే మాట తీసేయండి, లేకపోతే ఆ నివేదికే చూపించి మన కాగితం పక్కన పెడతారు. ఆ నివేదిక తర్వాత ఆస్ట్రేలియా ప్రభుత్వం ఏ తేదీన ఏం అడిగింది, ఏం జవాబొచ్చింది అన్నది ఆరు నెలలకోసారి పార్లమెంటు ప్రతినిధుల సభ ముందు పెట్టాలని అడుగుదాం. సహాయ సిబ్బంది మీద దాడుల్ని దర్యాప్తు చేయాలన్న 2024 మే నాటి భద్రతామండలి 2730 తీర్మానం మనకి ఆసరా.

250 పదాలు దాటకూడదు. ఈ-పిటిషన్ నాలుగు వారాలే తెరిచి ఉంటుంది, అంతకుముందు కమిటీ చూడాలి, అందుకని జూన్ ఆఖరికే పంపేయాలి. కాగితం మీదైతే మొదటి పేజీలో పూర్తి పాఠం, తర్వాతి ప్రతి పేజీ పైనా కోరిక ఉండాలి. జిరాక్స్ సంతకాలు చెల్లవు. ఆస్ట్రేలియా పౌరులు, అక్కడ నివాసముండేవాళ్లే సంతకం చేయాలి. ఊళ్లో ఉన్న అమ్మానాన్నల పేర్లు కలిపేస్తారేమో, బల్ల దగ్గర కూర్చునేవాళ్లు అడిగి చూడండి.

అమలాపురం వైపు:
మరి ఇక్కడివాళ్లం ఊరికే తెర చూస్తూ కూర్చోవాలా అండీ?

పిటిషన్ బాధ్యులు:
ఆయ్, మీకు వేరే పనుంది. ఐక్యరాజ్యసమితి భద్రతా విభాగంలో పనిచేస్తున్న కల్నల్ వైభవ్ కాలే 2024 మే 13న గాజాలోని రఫాలో చనిపోయారు. ఆయన భారతీయుడు. భారత విదేశాంగ శాఖకి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. రుసుము పది రూపాయలు, పోస్టల్ ఆర్డరు సరిపోతుంది. గడువు 30 రోజులు. "ఎందుకు చర్య తీసుకోలేదు" అని అడిగితే అది సమాచారం కాదని తిప్పి పంపుతారు. ఉత్తరాల నకళ్లు అడిగితే విదేశీ సంబంధాల మినహాయింపు, ఆ చట్టం సెక్షన్ 8(1)(ఎ), చూపిస్తారు. అందుకని దర్యాప్తు గురించి రాసిన ఉత్తరాల తేదీల జాబితా మాత్రం అడగండి. సంఘం లెటర్‌హెడ్ మీద వద్దు, భారత పౌరులు ఎవరి పేరున వాళ్లే పెట్టాలి. విదేశీ పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు పెట్టుకున్నవాళ్లకి ఈ హక్కు లేదు. అమలాపురం ఎంపీ చేత లోక్‌సభలో ప్రశ్న అడిగించాలంటే 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఆగస్టు దాకా ఆగితే వర్షాకాల సమావేశాలు చేజారతాయి, ఉత్తరం జూలై మొదట్లోనే అందాలి.

ప్రదర్శన బల్లలు:
సహాయ సిబ్బంది పనిచేసే చోట్ల జరిగిన దాడుల్లో చనిపోయినవాళ్ల అంకెలు ఒకసారి చూడండి. 2003 ఆగస్టు 19, బాగ్దాద్ కెనాల్ హోటల్‌లోని ఐక్యరాజ్యసమితి కార్యాలయం, 22 మంది. 2006, శ్రీలంక ముత్తూరు, 17 మంది. 2015, అఫ్ఘానిస్తాన్ కుందుజ్ ఆసుపత్రి, 42 మంది.

పిటిషన్ బాధ్యులు:
కుందుజ్ 42లో ఆసుపత్రి సిబ్బంది 14 మందే, మిగతావాళ్లు రోగులు, వాళ్ల తోడు వచ్చినవాళ్లు. విడిగా రాయండి. ముత్తూరులో 17 మందీ స్థానిక సిబ్బందే, ఆ హత్యలకి ఇప్పటిదాకా ఒక్కరికీ శిక్ష పడలేదు. ఆ బల్ల గుమ్మం ఎదురుగా పెట్టండి. విదేశీయులు చనిపోతే కదిలే పత్రికలు స్థానికుల విషయంలో అంత కదలవు.

భోజనాలు:
పులిహోర, పెరుగన్నం, ఆత్రేయపురం పూతరేకులు. సంతకాల బల్ల వడ్డన వరసకి ముందే వేయండి, తిన్నాక ఎవరూ ఆగరు.

అమలాపురం వైపు:
శ్రావణం కాబట్టి ఫంక్షన్ హాలుకి ఇప్పుడే బయానా ఇవ్వాలి. జనరేటరు మాట్లాడాం. ధవళేశ్వరం దగ్గర నీళ్లు 13.75 అడుగులకి చేరి రెండో హెచ్చరిక ఇస్తే గోదావరి లంకల నుంచి ఎవరూ రాలేరు. వాళ్ల దరఖాస్తు ఫారాలు, పోస్టల్ ఆర్డర్లు ముందు వారమే పడవ దాటించి తెచ్చేస్తాం.