రంగులేసిన్రు, బెంచీలొచ్చినయి... మా బడి బాగుపడ్డట్టేనా?

శివనగర్ అమ్మ:
మాది వరంగల్. బిడ్డ సర్కారు బడిల నాలుగో తరగతి, నేను బడి పనులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల ఉన్న. పట్నం సర్కారు బడులను బాగుచేసే మన బస్తీ-మన బడి పథకం కింద మా బడికి కరెంటు, బెంచీలు, రంగులు అయినయి. 2022 నుంచి ఇంగ్లీష్ మీడియం. పిల్లలు కూడ పెరిగిన్రు. మొన్న మీటింగ్‌ల ఒకాయన బడి మస్తు బాగుపడ్డదన్నడు, ఇంకొకాయన పైసలన్నీ దండగన్నడు. ఇద్దరి దగ్గర లెక్క లేదు.

నా బిడ్డ ఇంగ్లీష్ పాఠం గడగడ చదువుతది. నడుమల ఒక పదం మీద వేలు పెడితే ఆగిపోతది. పక్క పేజీల తెలుగు కూడ కూడబలుక్కునుడే. బడి మారిందో లేదో మాసొంటోళ్లం ఎట్ల తెలుసుకోవాలె?

కాజీపేట ఎస్జీటీ (ప్రైమరీ బడి టీచర్):
అక్కా, పిల్లలు పెరిగిన లెక్కను పథకం ఖాతాల వెయ్యకండి. కరోనాల ప్రైవేటు ఫీజులు కట్టలేక 2021లనే చాలామంది మా దగ్గరికొచ్చిన్రు. పథకం మొదలైంది 2022 మార్చిల. మళ్ల 2024 అక్టోబర్‌ల డీఎస్సీ కొత్త టీచర్లొచ్చిన్రు. ఇప్పుడు చదువు మెరుగైతే అది బెంచీలతోనా, టీచర్‌తోనా? మీ బడికి టీచర్ ఏ నెలల వచ్చిన్రో ముందు రాసుకోండి.

పెద్ద సర్వేలతోటి మీ బడి సంగతి తెల్వది. పిల్లల చదువు మీద చేసే అసర్ సర్వే పల్లెలల్లనే చేస్తరు, బస్తీ బడులు అండ్ల రావు. కేంద్ర సర్కారు పరఖ్ సర్వే 2024 డిసెంబర్ 4న 3, 6, 9 తరగతులకు పెట్టిన్రు, అది కూడ ఎంపిక చేసిన బడులల్లనే. మీకు పనికొచ్చేది తొలిమెట్టు రికార్డు, అంటే చిన్న తరగతుల పిల్లలకు చదువుడు, రాసుడు, లెక్కలు నేర్పే సర్కారు కార్యక్రమంది. ఏడాది మొదట్ల ఏ పిల్లగాడు ఎక్కడున్నడో అండ్ల ఉంటది.

రిటైర్డ్ హెచ్ఎం, హన్మకొండ:
అమ్మా, ఈ ఏడు నాలుగో తరగతి సగటును పోయినేడు నాలుగో తరగతితో పోల్చొద్దు. వాళ్లు వేరే పిల్లలు. జూన్‌ల ఉన్న పిల్లలనే ఏప్రిల్‌ల మళ్ల చూడాలె. బస్తీ బడిల ఇదే కష్టం. కిరాయి ఇల్లు మారితే పిల్లగాడు బడి మారుతడు. చదువు రానోళ్లు నలుగురు వెళ్లిపోతే సగటు దానంతటదే లేస్తది, బడి చేసిందేమీ ఉండదు. ఇట్ల మురిసిపోయిన బడులను నేను కండ్లార చూసిన.

చదివించేది పాఠ్యపుస్తకంల నుంచి వద్దు, అది కంఠస్థం అయి ఉంటది. పేపర్ల పిల్లల పేజీ నుంచి నాలుగు వాక్యాలు, తెలుగు ఒకటి, ఇంగ్లీష్ ఒకటి. ఒక్కొక్కరిని పక్కన కూర్చోబెట్టుకొని చదివించండి.

శివనగర్ అమ్మ:
సార్, మేడంను అడిగి మా తరగతితోనే మొదలుపెడుత. నడుమ వచ్చినోళ్లను ఏం చెయ్యాలె?

రిటైర్డ్ హెచ్ఎం, హన్మకొండ:
వాళ్లను కూడ చదివించండి, లెక్కల మాత్రం వేరే రాయండి. టీసీ తీసుకొని పోయినోళ్ల పేర్లు కొట్టెయ్యకండి, పోయేనాటికి ఎంత చదివేటోళ్లో పక్కన రాయండి.