చెరువు నీటిలోని జీవులను పిల్లలకు చూపించడం ఎలా?

బడిపంతులు:
మా బడికి దగ్గరలోనే ఊరి చెరువు ఉంది. ఏడో తరగతి పిల్లలకు అందులోని జీవులను చూపించాలని ఉంది గాని, బడిలో ఉన్న ఒకే ఒక్క సూక్ష్మదర్శిని కటకానికి బూజు పట్టింది. పోయిన వారం సీసాతో ముంచి తెచ్చిన నీటిలో ఆకుపచ్చని మసక తప్ప మరేమీ కనిపించలేదు. ఖర్చు లేని ఉపాయం ఏదైనా ఉంటే చెప్పగలరు.

చెరువుగట్టు:
మాస్టారూ, మీరు ఖాళీ నీటిని ముంచి ఉంటారు. జీవులు ఎక్కువగా ఒడ్డున నాచులోనూ, తుంగ మొదళ్ళలోనూ ఉంటాయి. టీ వడకట్టే జల్లెడను వెదురు కర్రకు బిగించి కట్టి, ఆ మొక్కల మధ్య నాలుగైదుసార్లు ఆడించి, చెరువు నీరు పోసిన తెల్లని పళ్ళెంలో దులిపి, కాసేపు కదపకుండా ఉంచండి. చెత్త అనుకున్నదే నడవడం మొదలుపెడుతుంది. మాకు ఒకసారి ఎండుటాకు ముక్కలాంటి తూనీగ పిల్ల దొరికింది. పుల్లతో తాకగానే వెనుక నుంచి నీటిని చిమ్ముకుంటూ ముందుకు దూసుకుపోయింది. దాన్ని దోమ పిల్లలున్న గిన్నెలో వేస్తే, మడిచి దాచుకున్న కింది పెదవిని రెప్పపాటులో చాచి ఒకదాన్ని పట్టేసింది.

నీటిబొట్టు:
జల్లెడ కన్నుల్లోంచి జారిపోయే వాటిలోనే అసలు వింత ఉంది. పాత నైలాన్ మేజోడును తీగ చట్రానికి కుట్టి, దాని కొసన చిన్న సీసా కట్టి, నీటిలో మెల్లగా లాగండి. లేజర్ పెన్నులోని బుల్లి కటకాన్ని ఫోను కెమెరా మీద టేపుతో అంటిస్తే, మిల్లీమీటరు పొడవుండే సైక్లాప్స్ అనే నీటిజీవి ఒంటికన్నూ, ఆడదైతే తోకకు రెండు వైపులా వేలాడే గుడ్ల సంచులూ స్పష్టంగా కనిపిస్తాయి. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ నగరంలో, సూక్ష్మజీవులను తొలిసారి చూసిన లీవెన్‌హుక్ 1674లో దగ్గరి సరస్సు నీటిని చూసినదీ ఒంటి కటకంతోనే. నారిపురుగు పిల్లలను మోసే ఈ సైక్లాప్స్‌ను మింగడం వల్లే మన పల్లెల్లో పూర్వం, పుండులోంచి దారంలాంటి పురుగు బయటికి వచ్చే నారికురుపు జబ్బు వచ్చేది. నీటిని గుడ్డతో వడకట్టి తాగడమే దానికి ప్రధానమైన అడ్డుకట్ట అయింది. దేశంలో చివరి కేసు 1996లో నమోదైంది. పిల్లల తాతమ్మలను అడిగించండి, పాఠం ఇంట్లోనే మొదలవుతుంది.

చెరువుగట్టు:
ఒక మాట మరిచాను. వెల్లకిలా ఈదే పురుగును చేత్తో పట్టనివ్వకండి, కుట్టినట్లు కరుస్తుంది. కాళ్ళకు పుండ్లున్న పిల్లలు నీటిలో దిగకూడదు. అందరూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

బడిపంతులు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. జల్లెడ ఇంట్లోనే ఉంది, మేజోడు కూడా దొరికింది. లేజర్ పెన్ను మాత్రం మా అబ్బాయిని ఒప్పించి తీసుకోవాలి.