గిట్‌హబ్ లాగిన్‌లో డిఫాల్ట్ స్కోప్‌లు తీసేయడం ఎలా?

అందరికీ నమస్కారం. కాలేజీ పిల్లలు ప్రాజెక్టులు పెట్టుకునే చిన్న సైట్ నడుపుతున్నాం, గిట్‌హబ్ (కోడ్ దాచుకునే సైట్) ఖాతాతో లాగిన్ అవ్వడానికి ఒక రెడీమేడ్ ప్యాకేజీ పెట్టాం. మాకు కావాల్సింది పేరు, ఈమెయిల్ అంతే, దానికి యూజర్:ఈమెయిల్ స్కోప్ (అంటే యూజర్ దగ్గర సైట్ అడిగే అనుమతి) ఒక్కటి చాలు. ఈ ప్యాకేజీ మాత్రం డిఫాల్ట్‌గా యూజర్, రెపో రెండూ అడుగుతోంది. రెపో అంటే ప్రైవేట్ రెపోజిటరీల్లో (కోడ్ ఉంచే ఫోల్డర్లలో) కూడా చదవడానికి, రాయడానికి అనుమతి! ఆ పర్మిషన్ పేజీ చూసి పిల్లలు భయపడి వెనక్కి వెళ్లిపోతున్నారు, వాళ్ల తప్పేమీ లేదు, నేనైనా అదే చేస్తాను.

సెట్టింగ్స్‌లో స్కోప్ మార్చి, అడ్రస్ బార్‌లో ఆథరైజ్ లింక్ చూస్తే పాత రెండూ అలాగే ఉన్నాయి, చివర మేమిచ్చింది కూడా చేరింది. అంటే పాత లిస్టు తీసేయకుండా దానికే కలుపుతోందన్నమాట. ప్యాకేజీలో గిట్‌హబ్ లాగిన్ చూసుకునే ప్రొవైడర్ క్లాస్‌ను ఎక్స్‌టెండ్ చేసి డిఫాల్ట్ లిస్టును ఓవర్‌రైడ్ చేయడం తప్ప వేరే దారి లేదా? ప్యాకేజీ కోడ్‌లోనే మార్పు చేస్తే తర్వాతి అప్‌డేట్‌కి పోతుంది కాబట్టి అది వద్దు.

అసలు టెన్షన్ ఇప్పటికే లాగిన్ అయినవాళ్ల గురించి. వాళ్ల టోకెన్‌తో (లాగిన్ అయినప్పుడు గిట్‌హబ్ మాకిచ్చే తాళం లాంటిది) గిట్‌హబ్ ఏపీఐ కాల్ చేస్తే, జవాబులో ఆ టోకెన్‌కున్న అనుమతులు చూపే ఎక్స్-ఓఆథ్-స్కోప్స్ హెడర్‌లో రెపో ఇంకా కనిపిస్తోంది. మా డేటాబేస్‌లో టోకెన్లు తుడిచేసినంత మాత్రాన గిట్‌హబ్ దగ్గర ఇచ్చిన అనుమతి పోదు కదా. గ్రాంట్ (అంటే యూజర్ మా సైట్‌కి ఇచ్చిన ఆ అనుమతి) డిలీట్ చేసే ఏపీఐ ఉంది, దాన్ని లైవ్ సైట్‌లో అందరికీ నడిపినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ముందు కొత్త స్కోప్ పెట్టి తర్వాత గ్రాంట్లు తీసేయాలా, లేక రెండూ ఒకేసారి చేయాలా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.