చవక డబ్ల్యూడీఎం-2 (మన రైల్వే డీజిల్ ఇంజన్) బొమ్మకి హ్యాండ్‌రెయిల్స్, బఫర్లు ఎలా చెయ్యాలి?

ఆమదాలవలస కుర్రాడు: హెచ్‌ఓ స్కేల్ (అసలు బండిలో 87వ వంతు) ఇంజన్ చవగ్గా దొరికింది, మోటార్ బానే ఉంది గానీ హ్యాండ్‌రెయిల్స్ (పట్టుకునే కడ్డీలు) బాడీతో కలిపి పోసేసారు, బఫర్లైతే (ఇంజన్ చివర్లలో గుద్దుడు ఆపేవి) చొక్కా బొత్తాలే. చిన్నప్పుడు శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో చూసిన బండిలా కనపడాలి, ఏటి చెయ్యమంటారు?

విజయనగరం డీజిల్: ముందు ఆ రెయిల్స్ బ్లేడుతో గీకీ, 0.5 ఎంఎం బిట్‌తో చేత్తోనే మెల్లగా కన్నాలు పెట్టి 0.4 ఎంఎం ఇత్తడి తీగ వంచి సూపర్ గ్లూ చుక్క వెయ్యి. 1:87లో అది అసలు బండి మీద దగ్గర దగ్గర 35 ఎంఎం అన్నమాట, ఇంకా లావైతే కర్టెన్ రాడ్డులా ఉంటాది.

పలాస ప్యాసింజర్: బఫర్లు రెజిన్‌తో 3డీ ప్రింట్ చేయించు, ఫిలమెంట్ (ప్లాస్టిక్ తీగ) ప్రింట్ వద్దు, గీతలు పడతాయి. అసలు కొలతని 87తో భాగించి డ్రాయింగ్ ఇస్తే చాలు. చక్రాలు మాత్రం ముట్టుకోకు, మన 1676 ఎంఎం గేజ్‌కి (పట్టాల మధ్య దూరం) 19.3 రావాలి, నీ ట్రాక్ 16.5, అది సర్దుకుపోవాల్సిందే.

ఆమదాలవలస కుర్రాడు: థాంక్స్ అన్నా. ఇత్తడి సామాన్లు చేసే మన బుడితిలో ఇత్తడి బఫర్లు పోయిద్దామనుకున్నా, చెంబంత వస్తాయేమో అని ఆగా 😄