ఎంజీబీ ముందు చక్రం ఊగుతోంది: ఏ పార్టులు కొనాలి, షిమ్‌లు ఎలా కుదర్చాలి?

ప్రశ్న

1971 ఎంజీబీ రోడ్‌స్టర్ (రెండు సీట్ల బ్రిటిష్ స్పోర్ట్స్ కారు), వైర్ వీల్స్ (ఊచల చక్రాలు). ఛాసిస్ నంబరు జీహెచ్‌ఎన్5తో మొదలవుతుంది. జాకీ మీద లేపి ఎడమవైపు ముందు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే టక్కుటక్కుమంటోంది. బేరింగులే పోయాయా, ఇంకేమైనా ఉందా? అమ్మకానికి ఉన్న కిట్లలో కొన్నింట్లో స్పేసర్ (రెండు బేరింగుల మధ్య ఉండే గొట్టం), షిమ్‌లు (సందు సరిచేసే పల్చటి రేకు వలయాలు) లేవు. స్పేసర్ తీసేసి నట్టు చేత్తో బిగించి, అది ఊడకుండా స్ప్లిట్ పిన్ వేస్తే చాలని ఒకచోట చదివాను. నిజమేనా? వెనక బ్రేకు వీల్ సిలిండర్ ఒకటి కారుతోంది కూడా, పనిలో పనిగా అదీ మార్చాలి. తెలిసినవారు చెప్పండి.

జవాబు

పార్టులకు ఆర్డర్ పెట్టే ముందు ప్లే (వదులు) ఎక్కడుందో తేల్చుకోండి. పక్కనున్న వాళ్ళని బ్రేకు పెడల్ గట్టిగా తొక్కి పట్టుకోమని, మీరు మళ్ళీ పైనా కిందా ఊపండి. బ్రేకు పట్టగానే హబ్ (చక్రం బిగించే నడిమి భాగం), స్టబ్ యాక్సిల్ (హబ్ తిరిగే పొట్టి ఇరుసు) ఒకటిగా బిగుసుకుంటాయి కాబట్టి శబ్దం ఆగిపోతే తప్పు బేరింగులదే. బ్రేకు పట్టినా టక్కుమంటూనే ఉంటే కింగ్‌పిన్ (స్టీరింగ్ తిప్పినప్పుడు స్టబ్ యాక్సిల్ తిరిగే నిలువు పిన్ను) లేదా దాని కింది కీలు ట్రనియన్ అరిగినట్టు.

మీవి వైర్ వీల్స్ కాబట్టి ఇంకో పరీక్ష ఉంది. బ్రేకు అలాగే తొక్కి ఉంచి, చక్రాన్ని ఊపకుండా, తిరిగే దిశలో ముందుకీ వెనక్కీ తిప్పబోండి. అప్పుడు క్లిక్కుమంటే హబ్ మీది స్ప్లైన్లు (ఒకదాంట్లో ఒకటి ఇమిడే పళ్ళు), చక్రంలోని స్ప్లైన్లు అరిగాయి. అరిగిన హబ్ మీద కొత్త చక్రం వేసినా, కొత్త హబ్ మీద అరిగిన చక్రం వేసినా కొత్తది తొందరగా పాడవుతుంది.

తేలింది కింగ్‌పినే అయితే బుష్‌లు మాత్రం కొని ఇంట్లో దిగ్గొట్టాలని చూడొద్దండీ. నొక్కి కూర్చోబెట్టాక వాటి రంధ్రాన్ని కొలతకు రీమ్ చెయ్యాలి, అంటే కోసి నునుపు చెయ్యాలి. పైబుష్, కిందిబుష్ ఒకే గీతలో రావాలంటే దానికి తగిన రీమర్ కావాలి. అది లేకపోతే సిద్ధం చేసిన స్టబ్ యాక్సిల్ జతను మార్పిడి పద్ధతిలో తీసుకోవడమే మంచిది.

జవాబు

పార్టుల సంగతి నేను చెప్తాను. ఈ కారు 1962 నుంచి 1980 దాకా తయారైంది, మధ్యలో మార్పులు చాలా జరిగాయి. రిజిస్ట్రేషన్ సంవత్సరాన్ని నమ్మి ఆర్డర్ పెడితే ఒక్కోసారి పక్క మోడల్ పార్టు వస్తుంది. ఛాసిస్ నంబరుతోనే వెతకండి. జీహెచ్‌ఎన్ అంటే రెండు సీట్ల రోడ్‌స్టర్, జీహెచ్‌డీ అంటే జీటీ, చివరి అంకె సిరీస్. దానితోపాటు వైర్ వీలా, మామూలు స్టీల్ వీలా అన్నది తప్పక చెప్పాలి, ఎందుకంటే హబ్‌లు వేరు.

ఇన్ని ఏళ్ళలో ముందు యజమానులు ఎవరైనా వేరే సంవత్సరపు కారు నుంచి సస్పెన్షన్ గానీ వెనక యాక్సిల్ గానీ తెచ్చి వేసి ఉండొచ్చు. అందుకే నంబరు చూశాక కూడా పాత పార్టు చేతిలో పెట్టుకుని కొలిచి సరిచూసుకోవాలి. కొత్తది బిగించి పరీక్షించేదాకా పాతది పారేయకండి.

ఒక్కో వైపుకు కావలసినవి: లోపలి బేరింగ్, బయటి బేరింగ్, ఆయిల్ సీల్, కొత్త స్ప్లిట్ పిన్, షిమ్‌లు. షిమ్‌లు 0.003, 0.005, 0.010 అంగుళాల మందంలో వస్తాయి. మూడు రకాలూ ఒకటికి రెండు తెప్పించుకోండి. సీల్ పెదవి ఆనే కాలర్ మీద గీత పడి ఉంటే అదీ మార్చాలి, లేకపోతే కొత్త సీల్ కూడా గ్రీజును ఆపలేదు, అది డిస్క్ మీదికి చేరుతుంది. బేరింగ్ రేసు (రోలర్లు దొర్లే ఉక్కు వలయం) మీద చెక్కిన నంబరు చదివి బేరింగులమ్మే చోట పేరున్న కంపెనీవి తీసుకోవచ్చు, కారు పార్టుల డబ్బాలోనే రావాలని లేదు. స్పేసర్ సాధారణంగా అరగదు, మీ పాతదే మళ్ళీ వాడండి.

ఒక జాగ్రత్త. దశాబ్దాల కిందటి కొత్త స్టాక్ అని అమ్మేవాటిలో ఇనుప సామాను కళ్ళు మూసుకుని కొనండి. రబ్బరు మాత్రం వద్దు. సీళ్ళు, హోస్‌లు, బుష్‌లు డబ్బాలో ఉన్నా ముసలివైపోతాయి.

అడిగినవారు

బ్రేకు తొక్కితే శబ్దం ఆగిపోయింది, కాబట్టి బేరింగే. స్ప్లైన్లు బాగానే ఉన్నాయి. స్పేసర్ తీసేయొచ్చా అన్నది ఎవరూ చెప్పలేదు.

జవాబు

స్పేసర్ తీయకండి. ఈ హబ్‌లో రెండు టేపర్ రోలర్ బేరింగులు ఎదురెదురుగా ఉంటాయి. స్పేసర్, షిమ్‌లు వాటి లోపలి రేసుల మధ్య ఉండి, నట్టు బిగించినప్పుడు ఆ వరసంతా ఒకే గట్టి గొట్టంలా స్టబ్ యాక్సిల్‌ను పట్టుకుంటుంది. యాక్సిల్ వంగకుండా బలం అక్కడి నుంచే వస్తుంది. స్పేసర్ లేకపోతే నట్టును వదులుగానే ఉంచాలి, బిగిస్తే బేరింగ్ పట్టేస్తుంది. వదులుగా ఉంచితే లోపలి రేసులు యాక్సిల్ మీద మెల్లగా తిరుగుతూ దాన్ని అరగదీస్తాయి, మలుపుల్లో యాక్సిల్ ప్రతిసారీ కాస్త వంగుతుంది. వేగంగా తోలే కారుకు ఇది ప్రాణం మీదికి వచ్చే వ్యవహారం.

ఇక పని. కారును స్టాండ్ల మీద నిలిపి, చక్రం తీసి, క్యాలిపర్ (డిస్క్‌ను నొక్కి పట్టే బ్రేకు భాగం) రెండు బోల్టులూ విప్పండి. క్యాలిపర్‌ను తీగతో సస్పెన్షన్‌కు కట్టండి, హోస్ మీద వేలాడనివ్వద్దు. వైర్ వీల్ హబ్‌లో స్ప్లిట్ పిన్ లోతుగా ఉంటుంది, హబ్ పక్కన ఉన్న రంధ్రంలోంచి దాన్ని లాగాలి. నట్టు, వాషరు తీశాక హబ్, డిస్క్ కలిసి వస్తాయి. లోపలి రేసు ఒక్కోసారి యాక్సిల్ మీదే ఉండిపోతుంది.

బేరింగ్ కప్పులను (బయటి రేసులను) ఇత్తడి డ్రిఫ్ట్ (సుత్తితో కొట్టే కడ్డీ)తో ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క కొడుతూ దించండి. కొత్త కప్పు దిగేటప్పుడు మోత మారుతుంది: అడుగుకు తగలగానే బోలు మోత పోయి గట్టి మోత వస్తుంది. అక్కడిదాకా వెళ్ళకపోతే మీరు కొలిచే ప్లే అంతా తప్పే, కొద్ది దూరం తోలాక కప్పు సర్దుకుని చక్రం మళ్ళీ ఊగుతుంది.

ముందుగా సీల్ లేకుండా, పల్చగా నూనె రాసి, ఉత్త బేరింగులతో కొలవండి. స్పేసర్ సన్నటి కొస బయటి బేరింగ్ వైపు ఉండాలి. షిమ్‌లు వేయకుండా హబ్ తిప్పుతూ, బేరింగులు కాస్త పట్టేదాకా నట్టు బిగించండి. కప్పులు పూర్తిగా కూర్చుంటాయి. తర్వాత నట్టు తీసి, స్పేసర్‌కూ బయటి బేరింగ్‌కూ మధ్య కావాలనే ఎక్కువ షిమ్‌లు వేసి మళ్ళీ బిగించండి. డయల్ గేజీని (సన్నటి కదలికను ముల్లుతో చూపే కొలత సాధనం) నిలిపి హబ్‌ను లోపలికీ బయటికీ లాగితే ప్లే ఎంతో తెలుస్తుంది. రావలసింది 0.002 నుంచి 0.004 అంగుళాలు, అంటే 0.05 నుంచి 0.10 మి.మీ.

షిమ్ వేస్తే ప్లే పెరుగుతుంది, తీస్తే తగ్గుతుంది. గేజీ 0.014 చూపిందనుకోండి. 0.010 షిమ్ ఒకటి తీస్తే 0.004 మిగులుతుంది, సరిహద్దులో ఉన్నట్టు. 0.005 ఒకటి, 0.003వి రెండు తీస్తే 0.003 వస్తుంది, అదే మేలు.

నట్టు బిగింపు 40 నుంచి 70 పౌండ్ అడుగులు, అంటే 54 నుంచి 95 న్యూటన్ మీటర్లు. ఇంత తేడా ఎందుకు ఇచ్చారంటే, 40 దగ్గర రంధ్రం కలవకపోతే కలిసేదాకా ఇంకా బిగించడానికి. పిన్ కోసం నట్టును వెనక్కి మాత్రం తిప్పకండి. కొలత కుదిరాక అంతా విప్పి, రోలర్ల మధ్యలోకి గ్రీజు అరచేత్తో ఒత్తి నింపి, పెదవి బేరింగ్ వైపు ఉండేలా సీల్ వేసి, మళ్ళీ బిగించండి. చివరి మూతలో గ్రీజు నింపొద్దు. క్యాలిపర్ బోల్టులు 40 నుంచి 45 పౌండ్ అడుగులు.

అడిగినవారు

డయల్ గేజీ లేదు. చేత్తో ఊపి చూసి అంచనా వేస్తే?

జవాబు

వద్దండీ. 0.003కూ 0.008కీ తేడా చేతికి తెలియదు, సున్నాకూ 0.002కూ అసలే తెలియదు. ప్లే లేకుండా బిగిసిన బేరింగ్ వేడెక్కి పట్టేస్తుంది. గేజీ అరువు తెచ్చుకునైనా కొలవండి.

జవాబు

వెనక సిలిండర్ గురించి. దాన్ని పట్టి ఉంచేది బ్యాక్‌ప్లేటు (బ్రేకు భాగాలు బిగించే రేకు పళ్ళెం) వెనక ఒక సర్‌క్లిప్, అంటే గాడిలో కూర్చునే స్ప్రింగు క్లిప్. కొత్తవాళ్ళని ఏడిపించేది అదే. సిలిండర్‌ను ముందువైపు నుంచి చెక్క ముక్కతో హబ్‌కు ఆనించి కదలకుండా ఉంచండి, గాస్కెట్ మరిచిపోకండి. వెనక నుంచి క్లిప్‌ను బోసు (సిలిండర్ వెనక పొడుచుకొచ్చిన గుండ్రటి భాగం) మీద పెట్టి, పన్నెండు మూలల 1⅛ అంగుళం సాకెట్‌తో సమంగా నొక్కితే గాడిలో పడుతుంది. స్క్రూడ్రైవర్‌తో ఒక్కో కాలు ఎక్కించబోతే క్లిప్ సాగిపోతుంది. అలా సాగింది మళ్ళీ వాడకూడదు.

ఇంతకన్నా ముఖ్యమైనది మర. ఈ కారు బ్రేకు పైపు నట్లు 3/8 యూఎన్ఎఫ్ (అంగుళాల కొలత మర). కొన్ని కొత్త తయారీ పైపులు, సిలిండర్లు ఎం10 మెట్రిక్ (10 మి.మీ.) మరతో వస్తున్నాయి. 3/8 నట్టు ఎం10 రంధ్రంలో సుఖంగా తిరుగుతుంది, బిగిసినట్టే అనిపిస్తుంది, కానీ నట్టు వ్యాసం దాదాపు అర మి.మీ. తక్కువ కావడంతో మరలు కొసల మీదే ఆని ఉంటాయి. గట్టిగా బ్రేకు కొట్టినప్పుడు ఊడిపోవచ్చు. పైపు లేకుండా నట్టు ఒక్కటే చేత్తో తిప్పి, పక్కకి ఊపి చూడండి. ఊగితే ఆ సిలిండర్ వెనక్కి పంపేయండి.

జవాబు

ఒక్క మాట కలుపుతాను. చక్రం తిరిగి ఎక్కించేటప్పుడు స్ప్లైన్లు తుడిచి గ్రీజు రాయండి, స్పిన్నర్ (చక్రాన్ని హబ్ మీద బిగించే పెద్ద మధ్య నట్టు) మరలకూ రాయండి. స్పిన్నర్ ఎప్పుడూ కారు ముందుకు వెళ్ళేటప్పుడు చక్రం తిరిగే దిశకు ఎదురుగా బిగియాలి. అలా లేకపోతే హబ్‌లు ఎడమ కుడి తారుమారయ్యాయి, ఆ కారును రోడ్డెక్కించకూడదు. కాస్త దూరం తోలి వచ్చి రాగి సుత్తితో స్పిన్నర్ మళ్ళీ బిగించండి, హబ్ మీద చెయ్యి పెట్టి వేడి రెండు వైపులా ఒకేలా ఉందో లేదో చూడండి. కారును స్టాండ్ల మీంచి దించే ముందే కింగ్‌పిన్ వైపున్న మూడు గ్రీజు నిపుల్స్‌కూ (గ్రీజు ఎక్కించే మొనలు) గ్రీజు పట్టించండి, బరువు లేనప్పుడే అది పైదాకా ఎక్కుతుంది. ఆ తర్వాత ప్రతి 3,000 మైళ్ళకూ ఒకసారి.